చచ్చినవాడి సంజాయిషీ

గుడియాత్తం, 1954

బావమరిది చెంగల్రాయుడికి,

నువ్వు రాసిన హత్య నాటకంలో హతుడి వేషం వేసిన మీ బావ రాస్తున్నాను. మొన్నటి ఆట నావల్లే చెడిందనీ, పరదరామిలో వేయబోయే ఆటకి నా వేషం వేరేవాడికి ఇస్తాననీ అంటున్నావట. తప్పులన్నీ నావేనా?

నాటకంలో మన ఊరి ఇన్‌స్పెక్టరు చిత్తూరు వెళ్లి హంతకుణ్ణి పట్టుకున్నట్టు రాసింది ఎవరు? చిత్తూరు నిరుడే ఆంధ్రలోకి పోయింది, మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాం కదా! "అది వేరే రాష్ట్రమప్పా, యాడికి పోతావు?" అని జనం అరిచేసరికి ఆ వేషం వేసిన దొరైస్వామి స్టేజీ మీదే ఆగిపోయాడు.

ఇక నా సంగతి. కత్తిపోటు తిని, పద్యం పాడి చచ్చాను. "వన్స్ మోర్" అన్నారు. అన్నాక లేచి పాడకపోతే జనం ఊరుకుంటారా? పాడి మళ్లీ చచ్చాను. ఇంకోసారి అనేసరికి దొరైస్వామి శవపంచనామా మొదలుపెట్టేశాడు. నేను లేస్తే పాపం టోపీ తీసి నిలబడి విన్నాడు. ఆ పద్యంలో హంతకుడి పేరు పెట్టింది నువ్వే. అంతా విని దొరైస్వామి, "ఎవరు చంపినారో తెలియలేదే!" అన్నాడు. జనం నవ్వక ఏం చేస్తారు?

రెండుసార్లూ మొదట వన్స్ మోర్ అన్నది ఎవరో తెలుసా? మీ అక్క అమ్మణి. ఇంటికొచ్చాక అడిగితే, "కండ్లు మూసుకోని అట్ల పడుంటే సూస్తా ఎట్ల కూసోనుండేది? లేపేదానికి నాకింకేం దావ ఉండాది?" అంది.

పరదరామికీ వస్తానంటోంది. నన్ను తీసేయొద్దు నాయనా. హత్యను హత్యాయత్నంగా మార్చు, చాలు.

ఇట్లు,
మీ అక్క చావనివ్వని
మీ బావ