అవతలి పక్క గోడ

తిమారు,
మంగళవారం

నా మొండి నాన్నకి,

ఫోన్ చేస్తే గ్లెనిస్ స్పీకరు పెట్టేస్తుంది. నీతో మాట్లాడాలంటే నీ కొత్త పెళ్ళానికీ వినిపించాలి. అందుకే రాస్తున్నాను.

పాత మోటర్‌హోమ్, అదే ఆ చక్రాల మీద ఇల్లు, కొంటున్నావట. ఆ సంగతి నాకు మా షెడ్డు మేస్త్రీ చెప్పాడు. ఆరేళ్ళుగా నేను చేస్తున్న పనేమిటి నాన్నా? అలాంటి బండ్లకి నీళ్ళు దిగి కుళ్ళిన గోడలు కోసి కొత్తవి వెయ్యడం. ఎవరూ నేర్పలేదు, చేతులు కోసుకుని నేర్చుకున్నాను. అయినా ఆ బండిలో చెమ్మ ఉందో లేదో చూడటానికి నీకు దొరికింది గ్లెనిస్ కొడుకు హేమిష్! వాడికి ఈ పనిలో సర్టిఫికెట్ ఉంది మరి. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించావని విన్నాను. నా ఫొటో తీసేశావా, పక్కకి జరిపావా?

నిన్న నేనే వెళ్ళాను. అమ్మేది మిసెస్ టల్లక్ అనే పెద్దావిడ. "మొన్నొక అబ్బాయి వచ్చాడమ్మా, బూట్లు విప్పి మరీ ఎక్కాడు, బంగారం!" అంది.

"నేను బంగారం కాదులెండి. తాళం ఇవ్వండి" అన్నాను.

అల్మరాలు తెరిచి వాసన చూశాను. మూలలన్నీ బొటనవేలితో నొక్కాను. మంచం పక్క, కిటికీ కింద చెమ్మ మీటరు పెడితే కుయ్యిమంది. ఎర్ర దీపం. హేమిష్ పొడిగా ఉందని రాసిచ్చిన గోడే అది. కొనకు. ఒక్క చలికాలం గడిస్తే నానిన బిస్కెట్టులా ఊడొస్తుంది.

నీ సొంత కూతురు,
బ్రియార్


తిమారు,
మరుసటి శుక్రవారం

నాన్నా,

ఇది చివరిదాకా చదివాకే తిట్టు.

మొన్న హేమిష్ ఫోన్ చేశాడు. "బ్రియార్, ఒకటి అడుగుతాను, అరవకు" అన్నాడు.

"ముందే అరిచేస్తాను, నీకు ఎదురుచూసే పని తప్పుతుంది."

"అవతలి పక్క చూశావా?"

మా పనిలో మొదటి రోజే తెలిసే సంగతి అది. ఒక గోడ మీద మీటరు మోగితే, ఎదురు గోడ మీద అదే ఎత్తులో పెట్టి చూడాలి. రెండు చోట్లా మోగితే లోపల ఉన్నది నీళ్ళు కాదు, ఇనప పట్టీ; ఇనుము తగిలినా మీటరు మోగుతుంది.

"నేను చూశాను, రెండు పక్కలా మోగింది. నీకు తెలీక కాదు" అన్నాడు.

"అయితే వెళ్ళి నాన్నకి చెప్పు. మెప్పు కొట్టెయ్."

"ఎక్కడ వింటాడు! నేను రాసిచ్చిన కాగితం పక్కన పడేశాడు. బ్రియార్ వద్దంటే వద్దు, ఆ పని దానికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు అన్నాడు. మా అమ్మ ఆ బండికి కర్టెన్లు కూడా కుట్టేసింది తెలుసా? ఇప్పుడు వాటిని మడిచి దాస్తోంది."

నిజం చెబుతున్నాను నాన్నా. ఆ రోజు మీటరు చేతిలోనే ఉంది. అవతలి గోడ రెండంగల దూరం. వెళ్ళలేదు. వెళితే అక్కడా మోగుతుందేమోనని భయం. నువ్వూ ఆవిడా టీ తాగుతూ సముద్రం చూడబోయే ఆ కిటికీ కుళ్ళిపోవాలని కోరుకున్నాను. కుళ్ళు దొరికిందనుకుని దిగి వచ్చేశాను. ఇన్నేళ్ళకి నువ్వు అందరినీ కాదని నా మాట పట్టుకున్నావు. అదే నేను పని ఎగ్గొట్టిన రోజు.

మూడు రోజులుగా ఇక్కడ ఎడతెగని వాన. చెమ్మ చూడటానికి ఇంతకన్నా మంచి వాతావరణం ఉండదు. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఎదురు గోడా మోగింది. నమ్మకం కుదరక రెండు కిటికీల కిందా స్క్రూలు ఊడదీశాను. తుప్పు లేదు, మెరుస్తున్నాయి. మీటరుని మోగించింది మంచాన్ని మోసే ఇనప పట్టీ. చెక్క గట్టిగా, పొడిగా ఉంది. పైకప్పు కిటికీ రబ్బరు మాత్రం పగిలింది. హేమిష్ చూడలేదు. అది నేను మారుస్తాను.

బండిని ఆదివారం దాకా ఎవరికీ ఇవ్వనని మిసెస్ టల్లక్ మాటిచ్చింది. గ్లెనిస్‌ని తీసుకుని రా.

నా మాట ఇక నమ్మబుద్ధి కాకపోతే హేమిష్‌ని కూడా తీసుకురా. నేను వాడి పక్కనే నిలబడతాను. వాడు ఏ స్క్రూ తియ్యమంటే అది తీసి నీ అరచేతిలో పెడతాను.

బ్రియార్