ఐదు తీసి ఆరు పెట్టాను

పులివెందుల,
24 జూన్ 2024.

గణిత అధ్యాపకులు శ్రీ రామకృష్ణ గారి సముఖానికి,

మీ పాత విద్యార్థిని ఉమాదేవి నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం. అక్కడ ప్రొద్దుటూరులో మీరు క్షేమంగా లేరని తెలిసే రాస్తున్నాను. మీ క్షేమం పోయింది నా చేతి మీదుగానే కాబట్టి ఆ కబురు చెప్పవలసిందీ నేనే.

పేరు చూస్తే మీకు మొహం గుర్తుకు రాదు. మీరు నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "గొర్లోళ్ళ పాప" అనేవారు. ముద్దనూరు దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి రెండో బెంచీలో కూర్చునేదాన్ని. పన్నెండేళ్ళయింది.

మీరు మాకు లీనియర్ ఆల్జీబ్రా చెప్పేవారు. చెప్పేవారంటే, రంగు మారిన నోట్సు తెరిచి చదివేవారు, మేం రాసుకునేవాళ్ళం. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో మీకు ముందే తెలుసు, ఏటేటా అదే వచ్చేది కాబట్టి. ముఖ్యంగా ఆ మాత్రిక. మొదటి వరుస ఒకటి, రెండు, మూడు. రెండో వరుస రెండు, నాలుగు, ఐదు. మూడో వరుస మూడు, ఐదు, ఆరు. దాని ఇన్వర్స్ కనుక్కోవాలి. క్లాసులో ఎవరిని నిద్ర లేపి అడిగినా జవాబు గడగడా అప్పజెప్పేవారు. అసలు ఇన్వర్స్ అంటే ఏమిటని అడిగితే మాత్రం బిక్కమొహం వేసేవారు.

ఇంటర్నల్ పరీక్షలో నేను ఆ లెక్క మీ పద్ధతిలో చేయలేదు. లైబ్రరీ పుస్తకం చూసి నేర్చుకుని, ఒక వరుసలోంచి ఇంకో వరుసను తీసేస్తూ చేశాను. జవాబు ఒక్క అంకె తేడా లేకుండా మీదే వచ్చింది. మీరు దాని మీద అడ్డంగా ఎర్రగీత గీసి సున్నా వేశారు. జవాబు సరిపోయింది కదా సార్ అని అడిగితే, అరవై మంది ముందర, "గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చినావు, ముందు పోయేదాని ఎనక పోవాలని ఆ మాత్రం తెలీదా పాపా? యాడన్నా పోయి మేపుకో పో" అన్నారు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ గింగురుమంటోంది.

ఆ సున్నాతో పేపరు పోయింది. పేపరుతో పాటు ఎమ్మెస్సీ సీటు పోయింది. ఏడాదంతా మీ ఊళ్ళోనే ఒక చీరల అంగట్లో మడతలు పెట్టాను. మీరొకసారి ఇంటావిడతో వచ్చి, ముప్పై చీరలు విప్పించి, నన్ను గుర్తు పట్టకుండానే వెళ్ళిపోయారు. వాటిని తిరిగి మడత పెడుతూ ఒట్టు పెట్టుకున్నాను, ఈయన పని పట్టకుండా వదలనని.

మా తాత ఎర్రన్నకు నూటయాభై జీవాలుండేవి. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు ఆయన లెక్కపెట్టేవాడు కాదు. ఒక్కొక్కదాని మొహం చూసేవాడు. ఒకటి తగ్గితే ఏది తగ్గిందో చెప్పేవాడు. గొర్రెలు కాయడమంటే అదీ సార్. మీరు ముప్పై ఏళ్ళు మనుషుల పిల్లల్ని తోలారు, ఒక్క మొహమూ చూడలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. మరుసటి ఏడు ఆ పేపరు గట్టెక్కి, ఎమ్మెస్సీ చేసి, ఇక్కడ లెక్చరర్నయ్యాను. ఈ ఏడు మీ కాలేజీ వాళ్ళు ప్రశ్నాపత్రం బయటివాళ్ళతో పెట్టించాలనుకున్నారు. కవరు నా పేరిట వచ్చింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. సంతోషంతోనే కడుపు నిండిపోయింది.

మీ మాత్రికనే ఇచ్చాను. రెండో వరుసలో ఐదు తీసి ఆరు పెట్టాను. అంతే! రెండు, నాలుగు, ఆరు. మొదటి వరుసకు సరిగ్గా రెట్టింపు. ఒక వరుస ఇంకో వరుసకు రెట్టింపైతే ఆ మాత్రికకు ఇన్వర్స్ ఉండనే ఉండదు. రేపెవరూ అన్యాయమనకుండా, 'ఉంటే కనుక్కోండి' అని కూడా రాశాను. దాని మీదే ఇంకో రెండు ప్రశ్నలు, మొత్తం ముప్పై మార్కులు. అవి పోతే పేపరు పోయినట్లే. సెలవుల్లో మా అన్న కూతురికి గులకరాళ్ళు వరుసల్లో పేర్చి ఇదంతా నేర్పాను. దాన్నడిగితే అరనిమిషంలో చెప్పేస్తుంది.

పేపర్లు దిద్దడం జమ్మలమడుగులో పెట్టారు. దానికీ నన్నే పిలిచారు. డెబ్బై ఒక్క పేపర్లు, పేర్లుండవు, కోడ్ నంబర్లే. అరవై ఎనిమిదింటిలో మీ నోట్సులోని పాత జవాబే. లేని ఇన్వర్స్‌ను కనిపెట్టారు సార్ మీ పిల్లలు! ప్రశ్నలో ఆరు ఉంటే, ఐదని దిద్దుకుని మరీ చేశారు. ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే నా కడుపు చల్లబడింది. ఒక పేపర్లో మాత్రం వరుసలోంచి వరుసను తీసేసి, ఇన్వర్స్ లేదని చక్కగా తేల్చి, మళ్ళీ అదంతా కొట్టేసి, కింద మీ జవాబు రాసి ఉంది. అన్నిటికంటే దాన్ని చూసి ఎక్కువ నవ్వాను. మీరంటే భయం ఎంత బాగా పనిచేస్తుందో! కొట్టేసినదానికి మార్కులేమిటని, నేనూ దాని మీద అడ్డంగా ఎర్రగీత గీసి సున్నా వేశాను.

ఫలితాలు మీకు తెలుసు. నూటికి నూరు శాతం అంటూ గేటుకు కట్టిన ఫ్లెక్సీ దించేశారట. ప్రిన్సిపాల్ మిమ్మల్ని సంజాయిషీ అడిగారట. ఈ ఆదివారం మీ పదవీ విరమణ సన్మానం. శాలువా కప్పించుకునేటప్పుడు ముందు కుర్చీల్లోవాళ్ళు ఏం గొణుక్కుంటున్నారో కాస్త చెవి ఒగ్గి వినండి. గొర్లోళ్ళ పాప మేపుకుని తిరిగొచ్చింది సార్.

ఇట్లు,
ఉమాదేవి
(ఈసారైనా పేరు గుర్తుంచుకోండి)

తా.క.: ఉత్తరం కవరులో పెట్టి అంటించబోతుంటే సహస్ర బస్సు దిగి వచ్చింది. మా అన్న మధుసూదన్ కూతురు. మీ క్లాసులోనే చదువుతోంది. మీకు పేరు తెలియదులెండి. నా బంధువులెవరూ ఈ పరీక్ష రాయడం లేదని ప్రశ్నాపత్రంతో పాటు సంతకం చేసి పంపాను. అది అబద్ధం. ఎవరు తప్పినా సహస్ర తప్పదని నా ధీమా.

పేపరు పోయిందత్తా అని ఏడ్చింది. అన్నీ నేర్పితిని కదే అని అరిచాను. "చూసినానత్తా. రెట్టింపు ఉండాది, ఇన్వర్స్ లేదని రాసినాను కూడా. మళ్ళా కొట్టేసినాను. క్వశ్చన్ పేపర్లో అచ్చుతప్పు పడిందేమో అనుకున్యా. సారు నోట్సు తప్పెట్లయితాది? సారే దిద్దుతాడేమో, ఆ పద్ధతిలో రాస్తే ఎర్రగీత గీస్తాడని నువ్వే కదత్తా చెప్పినావు" అంది.

నేనే చెప్పాను. పన్నెండేళ్ళుగా ఇంట్లో చెప్పింది ఆ ఒక్క కథే. ఇప్పుడు దాని ఎమ్మెస్సీ సీటు కూడా పోయింది.

ఈ ఉత్తరం నకలు మీ పరీక్షల విభాగానికి పంపుతున్నాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీ మీద కోపం వీసమెత్తు తగ్గలేదు సార్, తగ్గదు కూడా. కానీ సహస్ర పేపరు మీది ఎర్రగీత మీది కాదు. నాది.