ఆమెనే అడగాలి

మెదక్,
బుధవారం.

అమ్మకు ఫేబ వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నాన్నా నేనూ కుశలం. డోర్నకల్‌లో నువ్వు, గాబ్రియేలు అన్న, వదిన, నెలల పాప బాగున్నారని తలుస్తున్నాను. నీకు ఫోన్ వినపడదు, వీడియోలో సైగలకేమో ఇంత సంగతి పట్టదు. అందుకే రాస్తున్నాను.

డిగ్రీ ఉండగా ఈ సర్టిఫికెట్ ఎందుకని అడిగావు. డిగ్రీ చదువుతూనే చేసే ఆరు నెలల కోర్సమ్మా ఇది. కష్టంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో నేర్పుతారు. దవాఖానల్లో, హాస్టళ్లలో, వృద్ధాశ్రమాల్లో ఉద్యోగాలకు పనికొస్తుంది. నాన్నకు వేళకు పెడుతున్నానా అన్నావు. నిజానికి ఆయనే నాకు టిఫిన్ కట్టి ఆటో ఎక్కిస్తున్నాడు.

ఇక అసలు సంగతి. ఫీల్డ్ వర్క్‌కు నన్ను ఇక్కడి ఒక దవాఖానలో వేశారు. సోమవారం టేక్మాల్ నుంచి స్వరూప అనే ఎనిమిది నెలల గర్భిణి అత్తతో వచ్చింది. నర్సు ఏం అడిగినా అత్తే జవాబు చెప్పింది.

"దానికి వినరాదు, మాటలు రావు. నన్నడుగుండ్రి. మంచిగనే ఉన్నది. గోలీలిస్తే బస్సుకు పోతం."

స్వరూప నేల చూస్తూ కూర్చుంది. నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని, మనింట్లో నిన్ను అడిగినట్టే సైగ చేసి ఎక్కడైనా నొప్పా అని అడిగాను. ఆమె సైగలు మనవి కావు. అయినా గబగబా తల పట్టుకుంది, కళ్ల ముందు అరచేయి ఊపింది, రెండు వేళ్లు చూపింది.

"రెండు రోజులసంది తలనొప్పంట సిస్టర్, కండ్లు మసకైతున్నయంట" అన్నాను.

నర్సు వెంటనే బీపీ చూసి, బాగా ఎక్కువుందని డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. సాయంత్రానికల్లా ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. చిన్నగా ఉంది గానీ గట్టిగా ఏడుస్తోంది. తల్లికి ప్రమాదం తప్పింది. నిన్న ఆ అత్త నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేండ్లల్ల దాన్నెన్నడు అడగలే బిడ్డా" అంది.

నేను సైగలతో అడిగిన సంగతి విని, మాకు కోర్సు చెప్పే మహతి మేడం అడిగింది: "గిది యాడ నేర్చుకున్నవ్ ఫేబా?"

"మా అమ్మ దగ్గర" అన్నాను.

ఆ మాట అన్నప్పటి నుంచి నా మనసు నిలకడగా లేదమ్మా. పదో తరగతిలో బడికి తల్లిదండ్రులను పిలిచారు. మా అమ్మ ఊర్లో లేదని టీచరుకు చెప్పాను. నీకేమో మీటింగే లేదన్నాను. నువ్వు చేతులతో మాట్లాడితే పిల్లలు నవ్వుతారని భయపడ్డాను. ఐదేళ్లుగా దాచాను. నన్ను క్షమించు.

మేడం నిన్ను మా క్లాసుకు రమ్మంటోంది. వినపడని మనిషిని ఎలా అడగాలో ఇరవై రెండు మందికి నువ్వే నేర్పాలట. పై నెల మొదటి శనివారం. నేనే బస్టాండుకు వస్తాను. నువ్వు చేతులతో చెప్పు, నేను పక్కన నిలబడి అందరికీ వినిపిస్తాను.

వస్తానని ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ బిడ్డ
ఫేబ