సాంచెల చప్పుడులో చెప్పిన మాట

చి.ల.సౌ. స్వరాజ్యానికి, సూరత్ నుండి సోమలింగం ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను, శివకృష్ణ క్షేమం. అక్కడ నువ్వు, బాలింత అయిన మన కూతురు మంగ, పసిబిడ్డ క్షేమమని తలుస్తాను. మా ఇద్దరి క్షేమం మాత్రం అలవాటుకొద్దీ రాశాను, పూర్తిగా నమ్మకు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నవ్వుకుంటావు. మెల్లగా మాట్లాడడం నాకు చేతనవుతుందా? ఏళ్ల తరబడి మరమగ్గాల సాంచెల మధ్య నిలబడి మొద్దుబారిన చెవులు. నేను ఫోనెత్తితే గల్లీ అంతా మన ఇంటి సంగతి వింటుంది. ఉన్నది ఒక్క గది, శివకృష్ణ ఎప్పుడూ అందులోనే.

నువ్వడిగినవాటికి జవాబు. గ్యాస్ బండ ఇంకా ఉంది, పొదుపుగా వాడుతున్నాం. మంచినూనె ధర విని దుకాణం మెట్ల మీదే కాసేపు నిలబడిపోయాను. కరోనా టీకా వేయించుకున్నాను, చెయ్యి లాగింది, అంతే. సాంచెలు సగమే నడుస్తున్నాయి. కార్ఖానాలో అందరికీ మాస్కులే. ఆ చప్పుడులో పెదవులు చూసే కదా మేం మాట తెలుసుకునేది. ఇప్పుడు ఎవరేమంటున్నారో తెలియదు. నలుగురిలో ఉన్నా ఒక్కణ్ణే.

"పిల్లగాడు ఫోన్ల ఎందుకు మాట్లాడుతలేడు?" అని అడిగావు. అడాజన్‌లో వాడు పనిచేసే బట్టల దుకాణంవాళ్లు పని లేదు పొమ్మన్నప్పటి నుంచీ ఇలాగే. ఫీజుకని దాచింది గది కిరాయికి పోయింది, కాలేజీ మాట ఎత్తడమే మానేశాడు. రొట్టెలు పెడితే సగం వెనక్కి పెట్టి, "ఆకలైతలేదు బాపు" అంటాడు. ఇంటి కష్టం తెలిసిన పిల్లవాడని లోలోపల మురిశాను, ఎంత పిచ్చివాణ్ణి! ఇంట్లోనూ మాస్కు తీయడు. నెమ్మదిగా ఏదో అంటాడు. "గట్టిగ చెప్పురా!" అని అరుస్తాను. గోడవైపు తిరిగి పడుకుంటాడు.

మొన్న నేను మరిచిపోయిన సద్ది డబ్బా తీసుకుని వాడే కార్ఖానాకు వచ్చాడు. సాంచెలు దడదడ కొట్టుకుంటున్నాయి. ఎదురుగా నిలబడి మాస్కు కిందికి లాగాడు. ఆ చప్పుడులో ఎవరికీ వినబడదని వాడికి తెలుసు. నేను పెదవులు చూసి తెలుసుకుంటాననీ తెలుసు. స్వరాజ్యం, ఇది రాయలేకే ఇంతసేపూ ధరలు, టీకాలు రాశాను. "నా తిండి గూడ దండుగే బాపు. నాకు బత్కబుద్ధి అయితలేదు" అన్నాడు.

సాంచె ఆపలేదు. ఆపితే వాడు మళ్లీ నోరు విప్పడని భయం. నేనూ మాస్కు లాగేసి, గొంతు లేకుండా పెదవులతోనే, "నువ్వు లేకుంటె నేను ఎవలికి వండాలెరా?" అన్నాను. ఏడ్చాడు. పట్టుకుని అలాగే నిలబడ్డాను. పోగులు తెగాయి, సేఠ్ తిట్టాడు. తిట్టనీ.

మరునాడే సర్కారు దవాఖానాలో మనసు డాక్టరుకు చూపించాను. మందులిచ్చాడు, ఒక్కణ్ణి వదలొద్దన్నాడు. అందుకని నా వెంట కార్ఖానాకే తీసుకెళ్తున్నాను. ఊరికే నా ఎదురుగా కూర్చుంటాడు. చెప్పాలనిపించినప్పుడు మాస్కు దించుతాడు. ఆ క్షణం తప్పిపోతుందేమోనని బట్ట మీదకంటే వాడి మీదే నా కన్ను. నిన్న దించి, "పప్పుచారు చెయ్యి బాపు" అన్నాడు. చేశాను. తిన్నాడు.

ఫోనులో ఏడవకు. "తిన్నవా బిడ్డా" అని అడిగి, వాడు ఊరుకుంటే నువ్వూ ఊరుకో. మంగకు అత్త తోడుంది కదా, రైలు దొరికిన రోజే బయలుదేరు. రాత్రి కార్ఖానా నుంచి వచ్చాక, దీపం తీసేశాక, వాడు చీకట్లో ఏదో అంటుంటాడు స్వరాజ్యం. నాకు వినబడదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
శివకృష్ణ వాళ్ల బాపు