భుజం మీద రెండు తట్లు

చిట్టీ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. మనం చూస్తూ వదిలేసిన కొరియా సీరియల్‌లో మిగిలిన ఆఖరి భాగాన్ని ఇవాళ మధ్యాహ్నం ఒక్కదాన్నే ఫోన్‌లో పెట్టుకున్నాను.

నగరిలో, మరమగ్గాలు ఆడే ఇంట్లో, ఫోన్ చప్పుడు ఎవరికి వినబడుతుంది? కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి నువ్వే నాకు సైగలతో కథ చెప్పేదానివి. అందులో వీడియో గేములో చచ్చినవాడు నిజమైన వీధిలోకి నడిచి వస్తాడు. మొహం అదే, కానీ సొంతవాళ్లనే గుర్తుపట్టడు. వాడు వచ్చేముందు గంట మోగుతుందని కింద రాసి ఉంటుందట. అది చదవగానే నువ్వు వెనక నుంచి నా భుజం మీద రెండుసార్లు తట్టేదానివి. నేను కళ్లు మూసుకునేదాన్ని.

“నేను సచ్చినా నిన్ను గుర్తుపడతాలే అక్కా,” అని మగ్గాలు ఆగాక నవ్వేదానివి.

ఇవాళ సీరియల్ మధ్యలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఫోన్‌లోంచి గంట మోగింది. ఇన్నాళ్లకు మొదటిసారి విన్నాను. అచ్చం సైకిల్ గంటలాగే ఉంది. నా భుజం బిగుసుకుపోయింది. నువ్వు కూర్చునే చోట నూలు కండెల బుట్ట కిర్రుమంది.

మగ్గం దగ్గర నుంచి నాయన కేకేశాడు. “ఎవురో గంట కొడతా ఉండారు. వాకిట్లో ఎవురొచ్చినారో సూడు పాపా.”

“ఎవురూ రాలేదు నాయనా,” అన్నాను.

వెనక్కి మాత్రం తిరగలేదు చిట్టీ. నువ్వే వచ్చి, నా మొహం చూసి, ఎవరు నువ్వని అడిగితే?