మిషన్ బడి మోదుగలు

1942 జూన్ 9
హాస్టల్ పిల్లల విందుకు కిష్టవ్వ విస్తరాకులు తెచ్చింది. ఎప్పుడూ పొద్దున్నే వచ్చే మనిషి, ఇవాళ మధ్యాహ్నమైంది. యుద్ధం వల్ల పెట్రోల్ దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. ఆ బొగ్గు కోసం సిద్దిపేట చుట్టూ ఉన్న మోదుగలను వేళ్లతో సహా తవ్వేశారట. ఇప్పుడు విస్తళ్లు కుట్టే మోదుగాకు కోసం కోహెడ గుట్టల దాకా నడుస్తోంది. కాళ్లు పగిలి నెత్తురు కారుతోంది. ఈ పని మానేసి చెల్లెలి దగ్గరికి, బొంబాయి పక్కన భివండికి మగ్గాల పనికి పోతానంది.



జూన్ 12
బడి వెనక ఎకరం రాళ్ల జాగ ఉంది. అక్కడ మోదుగ నాటుకుంటామని, పాఠాలు చెప్పడం అయ్యాక, బడి మేనేజర్ అయిన పాస్టర్ యోహాను గారిని అడిగాను. తనంతట తాను మొలిచే చెట్టును ఎవరైనా నాటుతారా అని నవ్వారు. అన్నీ తవ్వేశాక ఎక్కడి నుంచి మొలుస్తుందన్నాను. నవ్వు ఆపి, సరేనన్నారు.

జూన్ 20
తొలకరి పడింది. కిష్టవ్వ ఒడి నిండా ఎండుకాయలు తెచ్చింది. కాయకు ఒక్కటే గింజ, బిళ్లలా పలుచగా. పిల్లలూ మేమూ కలిసి చీకటి పడేదాకా పెట్టాం. నా చీర బురద. ఇంత హాయిగా ఎన్నాళ్లయిందో.

జూలై 8
మొలిచాయి!

1943 మే 2
ఒక్కటీ మిగల్లేదు. అన్నీ ఎండుపుల్లలే. కిష్టవ్వకు మొహం చూపించలేక తప్పించుకు తిరుగుతున్నాను.

మే 19, ఉదయం 7
ధాన్యం కరువు. హాస్టల్లో రెండు పూటలా గంజే. ఆ జాగ దున్నించి జొన్న వేయిస్తానన్నారు పాస్టర్ గారు. ఒప్పుకున్నాను. నాగలి వచ్చేసింది.

అదే రోజు, ఉదయం 11
కిష్టవ్వ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎడ్ల ముందు కూర్చుంది. పాస్టర్ గారు నెమ్మదిగానే లేవమన్నారు. లేచి, గడ్డపార తీసుకుని ఒక పుల్ల పక్కన మూరెడు లోతు తవ్వింది. పుల్ల కింద వేరు! ముల్లంగి అంత లావు. గోటితో గీకితే తడి.

"పైన ఎండింది గంతే అయ్యా. మోదుగ పసిగున్నప్పుడు ఏటా గిట్లనే జేస్తది. ముందుగాల కింద ఇల్లు కట్టుకుంటది. ఒక్క వాన జూడు."

పాస్టర్ గారు వంగి, ఆ వేరును వేలితో తాకారు. మట్టి మళ్లీ కప్పేశారు. నాగలిని తన బంగళా ముందుకు మళ్లించమన్నారు. ప్రాణంగా పెంచుకున్న గులాబీ మడులు! జొన్న అక్కడ వేయిస్తారట.

జూన్ 17
వాన. మూడో రోజుకే ఎర్రటి చిగుళ్లు. కిష్టవ్వ భివండి మాటెత్తలేదు, నేనూ అడగలేదు.

1946 అక్టోబర్ 3
మొదటి ఆకు కోశాం. చెట్టుకు సగమే కోయాలి, కొస చిగురు ముట్టొద్దని కిష్టవ్వ పిల్లలకు చెప్పింది. చీపురుపుల్లతో కుట్టడం నేర్పింది. నా విస్తరి చూసి పడీపడీ నవ్వింది. పులుసు పోస్తే కారిపోతుందట. వచ్చే వారం పాస్టర్ గారి కూతురి పెళ్లికీ, దుబ్బాకలో బట్టలు నేసే సాలోళ్ల పెళ్లికీ మా ఆకులే. రాలిన ఆకు కుళ్లి, ఆ రాళ్ల జాగలో వానపాములు కనబడుతున్నాయి.

1949 ఫిబ్రవరి 24
కొమ్మల మీద నల్లటి మొగ్గలు. ఇవే మొదటివి. కిష్టవ్వ ముట్టుకోనివ్వడం లేదు.

మార్చి 3
మోదుగల మీద వాలిన చిలకల గోలకు ఎక్కాలు వినబడలేదు. పిల్లలూ కిష్టవ్వా పాస్టర్ గారూ అందరూ చెట్ల కిందే. సెలవిచ్చేశాను. రిజిస్టర్‌లో కారణం రాయాలి. "పూలు" అని రాశాను.