సెనియా భుజానికి సరిపోయే తుపాకీ

2009 సెప్టెంబరు 14, సోమవారం. పొద్దున మంచు, మధ్యాహ్నం నుంచి జల్లు. కోళ్ల గూటి తలుపు బాగుచేశాను.

బాలే ఏటి ఒడ్డున, మెంగ్గా పెద్దమనిషిగా ఉన్న, ఊరంతా ఒకే కప్పు కింద వాటాలుగా బతికే పొడుగింట్లో ఆరో వాటాలో ఉండే జరావ్ కొడుకు సావింగ్ అనే నేను, ఊపిరితిత్తులు పాడైనా బుద్ధి చెదరకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినది ఏదీ లేదు. దీన్ని అమలు చేయవలసినది మెంగ్గా.

1. వాటా, అందులోని తాతల నాటి కూజాలు, కొండ చేను, మిరియాల తోట నా పెద్దకొడుకు లన్యావ్ భార్య సెనియాకు. లన్యావ్ మూడేళ్ల కిందట పడవ తిరగబడి పోయాడు. ఆమె పుట్టింటికి పోలేదు. మంచాన పడిన నా భార్యను చివరిదాకా ఎత్తి కూర్చోబెట్టింది ఆమే.

2. బింటులు పట్నంలో కర్ర మిల్లుకు వెళ్లే చిన్నకొడుకు ఉంగ్గాంగ్‌కు ఏటి పక్క దురియన్ పళ్ల చెట్లు, వాళ్లమ్మ నేసిన ఎర్ర దుప్పటి.

3. పడవ ఇంజను నా బావమరిది బెలాయోంగ్‌కు. అది ఎప్పట్నుంచో ఆయన దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా రేపు తెస్తానన్నాడు. ఇక తేనక్కర్లేదు.

4. లన్యావ్ జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకీ.

చనిపోయినవాడి వస్తువులు విరిచి సమాధి మీద పెట్టడం మా ఆచారం. వాడి కత్తి, వల అలాగే పెట్టాం. తుపాకీ లైసెన్సుది కాబట్టి పెట్టలేకపోయాం. నా పేరుకు మారి గోడకు ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని ఉంగ్గాంగ్, సెనియా ఇద్దరూ అడుగుతున్నారు.

పోయిన నెల ఉంగ్గాంగ్ వచ్చి, "నాన్నా, అన్న తుపాకీ నాకు కాకపోతే ఎవరికి? రేపు వదిన ఇంకొకణ్ణి చేసుకుంటే వాడు పట్టుకు తిరుగుతాడు," అన్నాడు.

సెనియా అన్నం వడ్డిస్తోంది. "వాణ్ణి బెదిరించడానికైనా నాకుండాలిగా మరిదిగారూ," అంది. ముగ్గురం నవ్వాం. 

ఈ ఏడు కూడా అడవి పందులు చేను తొక్కితే ఆమె ఇక్కడ నిలవలేదు. ఆమెకు తుపాకీ కావాలి. కానీ ఇది కాదు. మా పొడుగింట్లో మొదటి తుపాకీని ఎవరూ ఎంచుకోరు. పోయినవాడి నుంచి ఏది వస్తే అది భుజాన వేసుకుంటారు. లన్యావ్ పొడగరి. నిన్న ఖాళీ తుపాకీని ఆమె చేత పట్టించి చూశాను. తుపాకీ వెనక చెక్క చివర మోచేతి మడతలో ఆనిస్తే వేలు ట్రిగ్గరుకు అందలేదు. కళ్లు మూసుకుని భుజానికెత్తి, అప్పుడు కళ్లు తెరవమంటే గొట్టం ఒక పక్క, చూపు ఒక పక్క.

"అలవాటైపోతుంది మామయ్యా. ఆయన చెంప ఆనిన చోటు ఇది," అంది.

నేను తుపాకీ అందుకుని గోడకు తగిలించాను. జవాబు ఇక్కడ చెబుతున్నాను. అంత తుపాకీ మొదటి రోజే భుజాన్ని తన్నితే, మర్నాడు ట్రిగ్గరు నొక్కేముందే కళ్లు మూతపడతాయి. పొద వెనక ఉన్నది పందో మనిషో అప్పుడు తెలియదు.

5. కాబట్టి దాన్ని ఇద్దరిలో ఎవరికీ ఇవ్వడం లేదు. పోలీసు అనుమతి తీసుకుని మెంగ్గాకు ఇచ్చి, ఆయన ఊరికే ఉంచిన, తన్ను తక్కువుండే ఇరవై బోరు ఒంటి గొట్టం తుపాకీ సెనియా పేరుకు మార్చాలి. ఆయన ఒప్పుకున్నాడు. చెక్కను ఆమె చేతి కొలతకు కోయించాలి. తేలిక తూటాలతో మొదలుపెట్టాలి. మధ్యలో మడిచి తెరిచేది కాబట్టి లోపల తూటా ఉందో లేదో కనిపిస్తుంది. గొట్టం ఒక్కటే కాబట్టి ఆలోచించి కాలుస్తుంది.

ఇచ్చేముందు లన్యావ్ తుపాకీని ఇద్దరూ కావాలంటే ఒకసారి భుజానికెత్తుకోవచ్చు. నేను ఈ పొద్దున ఎత్తుకున్నాను.

6. సెనియా మళ్లీ పెళ్లి చేసుకున్నా వాటా, తుపాకీ ఆమెవే. నా కొడుకు పేరు చెప్పి ఎవరూ ఆమెను ఆపకూడదు.

7. ఆమె మొదటిసారి కాల్చే రోజు ఉంగ్గాంగ్ సెలవు పెట్టి వచ్చి పక్కన నిలబడాలి. కొబ్బరి డొక్కను గురిగా పెట్టి, లన్యావ్ తనకు నేర్పినట్టే, అవే మాటలతో, విసుక్కోకుండా నేర్పాలి. ఆ మాటలు ఇప్పుడు వాడి దగ్గర తప్ప ఎక్కడా లేవు.

పై తేదీన నా చేత్తో రాసి, చదువుకుని సంతకం చేశాను.

సావింగ్, జరావ్ కొడుకు

సాక్షులు:
రంబా, మూడో వాటా
ఎంపియాంగ్, తొమ్మిదో వాటా